చెడు వార్త మేనేజర్ క్యాబిన్ దాకా వస్తుందా?

సాయంత్రం అయిదు దాటింది. బ్రాంచ్ షట్టర్ సగం దించేశారు. క్యాషియర్ నోట్ల కట్టలు మూడోసారి లెక్కపెడుతోంది. సిస్టమ్‌లో ఉన్న అంకెకీ చేతిలో ఉన్న డబ్బుకీ పది వేలు తేడా వస్తోంది. క్యాష్ టాలీ కాలేదు. పొద్దుటి నుంచి కౌంటర్ ముందు జనం తెరిపి లేకుండా ఉన్నారు, ఎవరికో ఎక్కువ ఇచ్చేసి ఉండాలి. దొరక్కపోతే ఆ డబ్బు తన జీతంలోంచి కట్టుకోవాలి. అంతకంటే ముందు, లేచి మేనేజర్ క్యాబిన్ దాకా నడిచి ఆ మాట చెప్పాలి.

ఇలాంటి సాయంత్రం ఏ బ్రాంచ్‌కైనా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఆమె చెప్పింది విని మేనేజర్ "బుర్ర ఎక్కడ పెట్టుకుని కూర్చున్నావమ్మా?" అని అందరి ముందూ కేకలేయొచ్చు. లేదా "ముందు కూర్చోండి మేడమ్. పెద్ద పేమెంట్ల వోచర్లు తీయండి, కెమెరా రికార్డింగ్ చూద్దాం" అనొచ్చు. ఆ పూటకి రెండు చోట్లా డబ్బు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. తేడా తెలిసేది తర్వాతిసారి. మొదటి మేనేజర్ దగ్గర పనిచేసే మనిషి ఇంకోసారి క్యాబిన్ వైపు నడవదు. పక్క కౌంటర్ వాళ్ళ దగ్గర చేబదులు తీసుకుని, లెక్క సరిచేసి, రేపు చూసుకుందాంలే అనుకుని ఇంటికెళ్తుంది. మేనేజర్ టేబుల్ మీదికి మాత్రం అంతా బాగున్నట్టే కాగితం వస్తుంది.

బ్యాంక్ మేనేజర్‌కి ఎమోషనల్ ఇంటెలిజెన్స్ ఉండాలని ఇప్పుడు ప్రతి ట్రైనింగ్ కాలేజీలోనూ చెబుతున్నారు. తెలుగులో భావోద్వేగ ప్రజ్ఞ అంటున్నాం. ఆ మాట వినగానే చాలామందికి చిరునవ్వు, ఓపిక, తియ్యటి మాట గుర్తొస్తాయి. అవి ఉంటే మంచిదే. కానీ నన్నడిగితే, బ్యాంకు విషయంలో అసలు ప్రశ్న ఇది: బ్రాంచ్‌లో జరిగిన తప్పు, జరగబోతున్న నష్టం, సకాలంలో మేనేజర్ చెవిన పడుతున్నాయా? బ్యాంకు అప్పులిచ్చి బతికే సంస్థ. ఏ అప్పు ఎప్పుడు చెడిపోతోందో ముందుగా తెలిస్తే ఏదో ఒకటి చేయొచ్చు, ఆలస్యంగా తెలిస్తే నష్టమని రాసుకోవడం తప్ప చేసేదేమీ ఉండదు. ఆ తెలియడం అనేది కంప్యూటర్ ఒక్కదాని చేతిలో లేదు. మనుషులు నోరు తెరవాలి.

చెడు వార్త కప్పిపెడితే ఏమవుతుందో దేశం మొత్తం మీద కూడా చూశాం. 2015లో రిజర్వ్ బ్యాంక్ ఆస్తుల నాణ్యతను కొత్తగా సమీక్షించడం మొదలుపెట్టాక, పుస్తకాల్లో బాగున్నట్టు కనిపించిన అప్పులు ఎన్నో మొండి బాకీలని తేలింది. 2018 మార్చి నాటికి వాణిజ్య బ్యాంకుల స్థూల ఎన్‌పీఏలు, అంటే మొత్తం మొండి బాకీలు, ఇచ్చిన అప్పుల్లో 11 శాతం దాటాయి. అందులో పెద్ద కంపెనీల రుణాల కథ ఉంది, విధానాల కథ ఉంది. దాన్ని బ్రాంచ్ మేనేజర్ల స్వభావానికి అంటగట్టడం అన్యాయం. అయితే పది వేల తేడా దగ్గరైనా వేల కోట్ల బాకీ దగ్గరైనా జరిగేది ఒకటే. చెప్పాల్సినవాళ్ళు చెప్పరు, అడగాల్సినవాళ్ళు అడగరు, ఈలోగా నష్టం పెరుగుతుంది.

ఒకే పేరుతో రెండు వేరు వేరు సంగతులు

ఈ విషయం చుట్టూ ఉన్న గందరగోళంలో సగం పేరు దగ్గరే మొదలవుతుంది. 1990లో పీటర్ సలోవే, జాన్ మేయర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు భావోద్వేగ ప్రజ్ఞ మీద ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించారు. తన భావాలను, ఎదుటివాళ్ళ భావాలను గమనించగలగడం, వాటి మధ్య తేడా పట్టగలగడం, ఆ తెలివిడిని ఆలోచనకీ నడతకీ వాడుకోగలగడం అని వాళ్ళు నిర్వచించారు. అంటే అదొక సామర్థ్యం. లెక్కలు చేయగలగడం, శ్రుతి తప్పితే పట్టుకోగలగడం లాంటిది. పరీక్ష పెట్టి కొలవొచ్చు.

1995లో డేనియల్ గోల్మన్ అనే అమెరికన్ రచయిత పుస్తకంతో ఈ మాట ప్రపంచమంతా పాకింది. 1998లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఆయన నాయకత్వం గురించి రాస్తూ అయిదు గుణాలు చెప్పారు: తనను తాను ఎరగడం, తనను అదుపులో పెట్టుకోవడం, లోపలి నుంచి వచ్చే పట్టుదల, ఎదుటివారి మనసు అర్థం చేసుకోవడం, మనుషులతో మెలిగే నేర్పు. ఈ జాబితా మేనేజర్లకు బాగా నచ్చింది, ఎందుకంటే వినగానే ఎవరైనా తల ఊపేలా ఉంటుంది. కానీ ఇది మొదటి నిర్వచనం కంటే చాలా వెడల్పైనది. పట్టుదల, కలుపుగోలుతనం కూడా ఇందులో చేరిపోయాయి. ఇలాగే వెడల్పు చేసుకుంటూ పోతే, చివరికి మంచి మేనేజర్‌కి మంచి గుణాలుంటాయి అని చెప్పడమే మిగులుతుంది. అందుకే ఏదైనా క్లాసులో "పరిశోధనల్లో తేలింది" అని చెబితే, వాళ్ళు సామర్థ్యం గురించి మాట్లాడుతున్నారా, గుణాల జాబితా గురించి మాట్లాడుతున్నారా అని ఒక్కసారి అడగడం మంచిది. ఈ వ్యాసంలో నేను మాట్లాడేది ఎక్కువగా మొదటిదాని గురించే.

ఇది మెతకతనమూ కాదు. అప్పు ఇవ్వకూడని మనిషికి, అతను నొచ్చుకుంటాడని తెలిసీ, స్పష్టంగా "కుదరదండి" అని చెప్పడానికి కూడా ఇదే కావాలి. ఎదుటివారి బాధ తెలుసుకోవడం ఒకటి, ఆ బాధ చూసి ఫైలు మీద సంతకం పెట్టేయడం ఇంకొకటి. రెండోదాన్ని జాలి అంటారు. డిపాజిటర్ల డబ్బుతో చూపించకూడని జాలి అది.

టెన్షన్ అనే ఒక్క మాట

మేనేజర్ రోజు ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. బ్రాంచ్ తెరవకముందే రీజనల్ ఆఫీస్ నుంచి వీడియో కాన్ఫరెన్స్. తెర మీద యాభై, అరవై మంది మేనేజర్ల ముఖాలు. సేవింగ్స్, కరెంట్ డిపాజిట్లు ఎంత పెరిగాయి, ఇన్సూరెన్స్ ఎన్ని అమ్మారు, రికవరీ ఎంత అని ఒక్కొక్కరినీ అడుగుతారు. వెనకబడినవాళ్ళకు అందరి ముందూ నాలుగు మాటలు పడతాయి. అది ముగిసిన పది నిమిషాలకు తలుపు తెరిస్తే బయట పింఛన్ కోసం వచ్చిన పెద్దవాళ్ళు, పంట రుణం రెన్యూవల్ కోసం వచ్చిన రైతులు, పాస్‌బుక్ ప్రింటింగ్ మెషిన్ పనిచేయడం లేదని గొడవపడే కుర్రాడు.

వీడియో కాన్ఫరెన్స్‌లో పడ్డ మాటలు ఎక్కడికి పోతాయి? ఎక్కడికీ పోవు. అవి మేనేజర్ ముఖం మీద ఉంటాయి, స్టాఫ్ ఆ ముఖాన్ని చదువుతారు. భావాలు గుంపులో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయని, వాటితో పాటు గుంపు పని చేసే తీరు కూడా మారుతుందని సిగల్ బార్సేడ్ అనే పరిశోధకురాలు 2002లో ప్రయోగాలతో చూపించారు. ఆఫీసులో పనిచేసిన ఎవరికైనా ఇది కొత్త కాదు. "సార్ మూడ్ ఎలా ఉంది?" అని అటెండర్‌ని అడిగి మరీ క్యాబిన్‌లోకి వెళ్ళే అలవాటు మనందరికీ తెలుసు. ఆ అలవాటు గురించి నవ్వుకుంటాం గానీ, దాని ఖరీదు ఆలోచించం. మూడ్ బాగోని రోజు చెప్పకుండా ఆగిపోయిన ప్రతి మాటా వడ్డీతో సహా తిరిగొస్తుంది.

అయితే మేనేజర్ ఏం చేయాలి, కోపం దిగమింగుకోవాలా? చాలామంది చేసేది అదే, చాలామంది చెప్పేదీ అదే. జేమ్స్ గ్రాస్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు చేసిన ప్రయోగాల్లో తేలింది ఏమిటంటే, భావాన్ని బయటికి కనపడకుండా నొక్కిపెట్టినంత మాత్రాన లోపల దాని ఒత్తిడి తగ్గదు. పైగా ఆ నొక్కిపెట్టే సమయంలో ఎదురుగా జరుగుతున్నది సరిగ్గా గుర్తుండదు. అరగంట సేపు కోపం బిగబట్టి రుణం ఫైలు చూసిన మేనేజర్ ఆ ఫైల్లో ఏదో ఒకటి వదిలేసే ప్రమాదం ఉంది. దానికంటే పనిచేసే పద్ధతి, పరిస్థితిని ఇంకో వైపు నుంచి చూడగలగడం. రీజనల్ మేనేజర్ నన్ను అవమానించాడు అనుకోవడానికీ, ఆయన మీద జోనల్ ఆఫీస్ నుంచి పడ్డదే నా దాకా వచ్చింది అనుకోవడానికీ మధ్య చాలా దూరం ఉంది. రెండోదాంట్లో కోపం పూర్తిగా పోదు, దాని పదును తగ్గుతుంది.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట చెప్పాలనిపిస్తోంది. ఆఫీసుల్లో ఇప్పుడు అన్నిటికీ ఒకటే మాట: టెన్షన్. ఆడిట్ వస్తే టెన్షన్, ట్రాన్స్‌ఫర్ వస్తే టెన్షన్, పైవాడు తిడితే టెన్షన్, ఇంట్లో పిల్లాడికి జ్వరం వస్తే టెన్షన్. మన దగ్గర ఎన్ని మాటలున్నాయి! గుబులు, బెంగ, దిగులు, కంగారు, చిరాకు, ఉక్రోషం, కసి, కినుక. ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. పదిమందిలో మాట పడి, తిరిగి అనలేక వచ్చేది ఉక్రోషం. అది తెలియకపోతే మధ్యాహ్నం క్లర్క్ మీద పడుతుంది. ఆడిట్ ముందు వచ్చేది గుబులు, దానికి మందు ఫైళ్ళు సర్దుకోవడం. కుటుంబాన్ని వదిలి వేరే రాష్ట్రంలో పోస్టింగ్‌లో ఉన్నప్పుడు వచ్చేది బెంగ, దానికి ఫైళ్ళు సర్దితే ఏమీ కాదు. మనసులో ఉన్నదానికి సరైన పేరు పెడితే మెదడులో భయానికి స్పందించే అమిగ్డలా చురుకు తగ్గుతుందని 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం స్కానింగ్ ప్రయోగాలతో చూపించింది. తన ఉక్రోషాన్ని ఉక్రోషమని గుర్తుపట్టిన మేనేజర్ రెండు నిమిషాలు ఆగి క్యాబిన్‌లోంచి బయటికొస్తాడు. టెన్షన్ అనుకున్న మేనేజర్ అలాగే వచ్చేస్తాడు.

"అలాగేనండి" అంటే ఏమిటి?

తన మనసు ఒక ఎత్తు, ఎదుటి మనసు ఇంకో ఎత్తు. బ్యాంకులో దీనికి అతి పెద్ద పరీక్ష రికవరీ.

కిస్తీ గడువు దాటిన మొదటి నెల లోపు ఖాతాను ఎస్‌ఎంఏ (ప్రత్యేకంగా కనిపెట్టి చూడాల్సిన ఖాతా) జీరో అంటారు. 31 నుంచి 60 రోజులు ఎస్‌ఎంఏ వన్, 61 నుంచి 90 వరకు ఎస్‌ఎంఏ టూ. 90 రోజులు దాటితే ఎన్‌పీఏ. పంట రుణాలకు లెక్క వేరు, అక్కడ పంట కాలాన్ని బట్టి చూస్తారు. కంప్యూటర్ ఈ జాబితాలన్నీ పొద్దున్నే తీసి పెడుతుంది. కానీ గడువు దాటి ఇరవై రోజులైన చిన్న వ్యాపారి ఎందుకు కట్టలేదో దానికి తెలియదు. కొట్టు దెబ్బతిందా, ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో ఉన్నారా, డబ్బు ఇంకెక్కడో పెట్టి తప్పించుకుంటున్నాడా? కట్టలేనివాణ్ణీ, కట్టదలచుకోనివాణ్ణీ విడదీయడమే రికవరీలో సగం పని. ఆ విడదీయడం ఫోన్‌లో గొంతు విని, కొట్టుకి వెళ్ళి ముఖం చూసి చేయాలి.

మన వైపు "అలాగేనండి, చూస్తాను సార్" అంటే ఒప్పుకున్నట్టు కాదు. చాలాసార్లు అది మర్యాదగా చెప్పిన "నావల్ల కాదు". "వచ్చే వారం తప్పకుండా" అనే మాటలో తప్పకుండా అనేది ఎంత గట్టిగా వినిపిస్తే అంత అనుమానించాలని పాత ఆఫీసర్లకు తెలుసు. ఆఫీసర్లకు దేశమంతా బదిలీలుండటం వల్ల తెలుగు రాని మేనేజర్ రాయలసీమ పల్లెకో, తెలుగు ఆఫీసర్ తమిళనాడు ఊరికో వెళ్ళడం మామూలే. వాళ్ళకి పదాల అర్థం మూడు నెలల్లో వస్తుంది. పదాల వెనక ఉన్న మొహమాటం అర్థం కావడానికి ఎక్కువ కాలం పడుతుంది. అలాంటి మేనేజర్‌కి ఊరివాడైన అటెండర్, బ్యాంకు తరఫున ఊళ్ళో లావాదేవీలు చూసే బ్యాంక్ మిత్ర, డ్వాక్రా సంఘం లీడర్ చెప్పే మాటలే కళ్ళూ చెవులూ. వాళ్ళతో మంచిగా ఉండటం అతని ఉద్యోగానికి ఆధారం.

గోల్డ్ లోన్ కౌంటర్ దగ్గర ఇంకా సున్నితమైన సంగతులు కనిపిస్తాయి. నగ తాకట్టు పెట్టడానికి వచ్చిన ఆవిడ పుస్తెలతాడు తీసి ఇస్తుంటే, అప్రైజర్ తూకం వేసేలోపు ఆవిడ ముఖం చూడండి. నిబంధన ప్రకారం బ్యాంకు చేయాల్సింది తూకం, స్వచ్ఛత, విలువ. అంతా సక్రమమే. కానీ ఆ పని అందరి కళ్ళ ముందు కౌంటర్‌లో చేస్తున్నారా, కాస్త మరుగున చేస్తున్నారా అనేది మేనేజర్ నిర్ణయం. ఖర్చు లేని నిర్ణయం. అలాంటి చోట పరువు దక్కిన మనిషి రేపు కిస్తీ కట్టలేకపోతే ముందుగా వచ్చి చెబుతుంది. పరువు పోయిన మనిషి ఫోన్ ఎత్తదు.

1983లో సమాజ శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ భావోద్వేగ శ్రమ అనే మాట వాడుకలోకి తెచ్చారు. జీతం కోసం ముఖం మీద ఒక భావం నిలబెట్టాల్సిన పని అది. ఆమె రెండు రకాల ఉద్యోగులను పక్కపక్కన పెట్టి చూశారు: ప్రయాణికుణ్ణి గొప్పవాడిలా భావింపజేసే విమాన సిబ్బంది, బాకీదారుని చిన్నబుచ్చే వసూలు ఉద్యోగులు. బ్యాంక్ మేనేజర్ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ జంట గుర్తొస్తుంది, ఎందుకంటే ఆయన ఒక్కడే రెండు పాత్రలూ వేస్తాడు. పదకొండు గంటలకు డిపాజిట్ పెట్టడానికి వచ్చినాయన్ని లేచి ఆహ్వానించాలి, పన్నెండుకి బాకీ ఉన్నాయనతో గట్టిగా మాట్లాడాలి, ఒంటి గంటకు ఏడుస్తూ వచ్చిన కొత్త ఉద్యోగినికి ధైర్యం చెప్పాలి. లోపల ఒకటి, బయట ఒకటిగా రోజంతా నటిస్తే సాయంత్రానికి మనిషి ఖాళీ అయిపోతాడు. ఎదుటివాళ్ళ పరిస్థితి నిజంగా అర్థం చేసుకుని మాట్లాడితే అలసట తక్కువ అని తర్వాతి పరిశోధనలు చెబుతున్నాయి. 2010లో డానా జోసెఫ్, డేనియల్ న్యూమన్ అనే పరిశోధకులు ఎన్నో పాత అధ్యయనాలను కలిపి విశ్లేషించి, భావోద్వేగ ప్రజ్ఞ పనితనాన్ని పెంచేది ముఖ్యంగా ఇలాంటి భావోద్వేగ శ్రమ ఎక్కువున్న ఉద్యోగాల్లోనే అని చూపించారు. అది అంతగా లేని ఉద్యోగాల్లో ప్రయోజనం కనిపించలేదు. బ్యాంకు బ్రాంచ్ ఏ కోవలోకి వస్తుందో చెప్పనవసరం లేదు.

2016 నవంబర్

ఈ మాటలన్నీ పుస్తకాల్లో ఉండిపోకుండా దేశంలోని ప్రతి బ్రాంచ్ మేనేజర్ నెత్తిన ఒకేసారి వచ్చి పడిన కాలం ఒకటుంది. 2016 నవంబర్ 8 రాత్రి ఎనిమిది గంటలకు 500, 1000 నోట్ల రద్దు ప్రకటన వచ్చింది. విలువలో చెలామణిలో ఉన్న నగదులో దాదాపు 86 శాతం ఒక్క రాత్రిలో చెల్లకుండా పోయింది. 9న బ్యాంకులు మూశారు. 10న తెరిచేసరికి తెల్లవారుజాము నుంచే క్యూలు. ఆ శనివారం, ఆదివారం కూడా పనిచేశారు.

గుర్తు చేసుకోవాల్సింది క్యూల పొడవు ఒక్కటే కాదు, రోజుకో తీరుగా మారిన నిబంధనలు. పాత నోట్లు మార్చుకునే పరిమితి మొదట 4,000, తర్వాత 4,500, ఆ తర్వాత 2,000, మరి కొద్ది రోజులకు మార్పిడే ఆగిపోయింది. వేలికి సిరా పెట్టాలన్నారు. పెళ్ళిళ్ళకు రెండున్నర లక్షల దాకా తీసుకోవచ్చన్నారు, కానీ శుభలేఖతో పాటు ఎవరెవరికి ఎంత ఇస్తారో జాబితా కావాలన్నారు. డిసెంబర్ 19న, 5,000 దాటి పాత నోట్లు వేసేవాళ్ళను ఇన్నాళ్ళూ ఎందుకు వేయలేదని ఇద్దరు అధికారుల ఎదుట అడగాలన్నారు. రెండు రోజుల్లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. నిన్న మేనేజర్ చెప్పిన మాట ఇవాళ అబద్ధమైపోతుంటే, క్యూలో ఉన్నాయన దృష్టిలో అబద్ధాలాడింది ఎదురుగా ఉన్న ఆ మేనేజరే. బ్రాంచ్‌కి చాలినంత నగదు వచ్చేది కాదు. వచ్చినా 2,000 నోట్లు, వాటికి చిల్లర లేదు.

ఆ రోజుల్లో పోలీసుల్ని పిలవాల్సి వచ్చిన బ్రాంచ్‌లున్నాయి. అదే ఒత్తిడిలో, అదే నగదు కొరతలో, గొడవ లేకుండా నెట్టుకొచ్చిన బ్రాంచ్‌లూ ఉన్నాయి. అన్నిటికీ మేనేజరే కారణమనను. ఊరిని బట్టి, వచ్చిన నగదును బట్టి కూడా తేడా ఉంటుంది. కానీ కొందరు చేసిన చిన్న పనుల్లో ఒక పోలిక కనిపిస్తుంది. పొద్దున్నే బయటికొచ్చి "ఇవాళ మా దగ్గర ఇంతే ఉంది, ఇంతమందికే సరిపోతుంది" అని నిజం చెప్పడం. టోకెన్లు ఇచ్చి మిగిలినవాళ్ళను ఎండలో నిలబెట్టకుండా పంపించడం. ముసలివాళ్ళకు వేరే వరుస పెట్టడం. కౌంటర్‌లో కూర్చున్నవాళ్ళకు గంటకోసారి లేచే వీలు చేయడం, వాళ్ళు లేచినప్పుడు తాను కూర్చోవడం. జనం కోపం వెనక ఉన్నది భయం అని తెలిసినవాళ్ళకే ఇవి తడతాయి. డబ్బు లేదన్న మాట కంటే, ఉందో లేదో తెలియకపోవడం మనుషుల్ని ఎక్కువ రెచ్చగొడుతుంది.

దీనికంటే నెమ్మదిగా, నిశ్శబ్దంగా వచ్చిన మరో పరీక్ష తెలుగువాళ్ళకు బాగా దగ్గరిది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసిపోయింది. అంతకు మూడేళ్ళ ముందు, 2017లో అదే తేదీన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. కాగితం మీద ఇవి విలీనాలు. కౌంటర్ దగ్గర మాత్రం, తాతగారి ఖాతా నుంచి ఉన్న పేరు పోయిందన్న వెలితి. స్టాఫ్‌కి వేరే సంస్థ పద్ధతులు, వేరే సీనియారిటీ భయాలు. "మన బ్యాంక్ పోయింది సార్" అని ఒక పెద్దాయన అన్నప్పుడు, మీ డబ్బు భద్రంగానే ఉందండీ అని చెప్పడం ఆయన అడగని ప్రశ్నకు జవాబు. ఒక్క నిమిషం ఆ పాత బ్యాంక్ గురించి ఆయన చెప్పేది విన్న తర్వాత కొత్త చెక్‌బుక్ గురించి చెబితే అది ఆయన చెవికెక్కుతుంది.

అదే తెలివి ఆయుధమైతే

ఎదుటి మనసు చదవగలగడం దానంతట అది మంచిదేమీ కాదు. ఎదుటివాడికి దేని వల్ల సిగ్గో తెలిసినవాడు ఆ సిగ్గును కాపాడగలడు, దాని మీదే దెబ్బ కొట్టనూ గలడు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ వసూళ్ళ మీద వచ్చిన ఆరోపణలన్నీ ఇక్కడికే చేరతాయి. సంఘంలో ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళను ఆ ఇంటి ముందు కూర్చోబెట్టడం, ఊళ్ళో పరువు పోతుందనే భయాన్ని వాడుకోవడం. ఆత్మహత్యల వార్తలు వచ్చాక ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, వారం వారం వసూళ్ళను నెలకు మార్చింది, ఇళ్ళ దగ్గర కాకుండా పంచాయతీ ఆఫీసు లాంటి అందరికీ తెలిసిన చోట కట్టించుకోవాలంది. వసూలు ఏజెంట్లు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లో స్పష్టం చేసింది. మనుషుల మంచితనం మీద వదిలేయకూడని సంగతులు కొన్ని ఉంటాయి, వాటికి నియమాలే కావాలి.

టార్గెట్ల విషయమూ అంతే. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో కస్టమర్‌కి ఎనిమిది రకాల ఖాతాలు, సేవలు అంటగట్టాలని లక్ష్యం పెట్టుకుంది. ఒత్తిడి తట్టుకోలేక ఉద్యోగులు కస్టమర్లకు తెలియకుండానే ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబర్‌లో బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికే అయిదేళ్ళలో దాదాపు 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. తప్పు జరుగుతోందని ఫిర్యాదు చేసినందుకే తమను తీసేశారని కొందరు మాజీ ఉద్యోగులు చెప్పారు. చెడు వార్త పైకి వెళ్ళే దారి మూసేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు కనపడలేదు. మన దగ్గర 2023 జూన్‌లో కోల్‌కతాలో ఒక ప్రైవేటు బ్యాంకు అధికారి ఆన్‌లైన్ మీటింగ్‌లో కింది ఉద్యోగుల మీద విరుచుకుపడిన వీడియో బయటికి రాగానే ఆయన్ని సస్పెండ్ చేశారు. చేయాల్సిందే. కానీ ఆయన అడిగిన అంకెలు ఆయన సొంతంగా పుట్టించినవి కావు. పైనుంచి వచ్చిన ఒత్తిడిని కిందికి పోనివ్వకుండా ఆపడం మంచి మేనేజర్ లక్షణం అంటాం. నిజమే, కానీ గొడుగు ఎంత గట్టిదైనా తుఫానును ఆపలేదు. సాధ్యం కాని టార్గెట్ ఇచ్చి, దాన్ని తట్టుకోవడానికి భావోద్వేగ ప్రజ్ఞ మీద ఒక పూట ట్రైనింగ్ ఇవ్వడం సరికాదు.

సంఖ్యలు ఎంతవరకు నమ్మాలి

బ్యాంక్ మేనేజర్ల భావోద్వేగ ప్రజ్ఞకీ నాయకత్వానికీ గట్టి సంబంధం ఉందని చెప్పే అధ్యయనాలు మన దేశంలోనూ బయటా చాలా వస్తున్నాయి. చాలావాటి పద్ధతి ఒకటే: మేనేజర్లకే ప్రశ్నపత్రం ఇస్తారు. "నా కోపాన్ని అదుపులో పెట్టుకోగలను", "నా బృందానికి స్ఫూర్తినిస్తాను" అనే వాక్యాలకు ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేసుకోమంటారు. తన గురించి మంచి అభిప్రాయం ఉన్న మనిషి రెండు చోట్లా అయిదే వేస్తాడు. సంబంధం బ్రహ్మాండంగా వస్తుంది.

2010లో పీటర్ హార్మ్స్, మార్కస్ క్రెడే అనే పరిశోధకులు చేసిన సమగ్ర విశ్లేషణ దీన్ని తేటతెల్లం చేసింది. భావోద్వేగ ప్రజ్ఞకీ స్ఫూర్తినిచ్చే నాయకత్వానికీ ఒకరే మార్కులు వేసినప్పుడు రెంటి మధ్య సంబంధం 0.59 (అసలు సంబంధం లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1). ఒకదానికి ఒకరు, రెండోదానికి ఇంకొకరు వేసినప్పుడు 0.12. ఆ తేడా చూస్తే సంబంధం లేదని కాదు, చెప్పుకున్నంత లేదని. నేను పైన చెప్పినవి కూడా ఆ మేరకే తీసుకోవాలి. అయినా ఈ విషయం ముఖ్యమనే నేను నమ్ముతాను, ఎందుకంటే ప్రశ్నపత్రాలు కొలిచేది మేనేజర్ తన గురించి అనుకునేది. బ్రాంచ్‌లో పనిచేసేది, మేనేజర్ గురించి క్యాషియర్ అనుకునేది.

అందుకే రీజనల్ ఆఫీసులు నిజంగా తెలుసుకోవాలనుకుంటే మేనేజర్‌ని ప్రశ్నలడగనక్కర్లేదు, బ్రాంచ్ రికార్డులు చూడొచ్చు. రుణ ఖాతాల కష్టం గురించి మేనేజర్ నోట్ ఏ దశలో వస్తోంది, ఎస్‌ఎంఏ జీరోలోనా, ఎన్‌పీఏ అయ్యాకా? ఆ బ్రాంచ్ నుంచి ఎంతమంది బదిలీ అడుగుతున్నారు? సున్నితమైన సీట్లలో ఉన్న ఉద్యోగుల్ని ఏడాదికోసారి ముందు చెప్పకుండా పది పనిదినాలు సెలవులో పంపాలని రిజర్వ్ బ్యాంక్ 2021లో ఆదేశించింది. ఆ పది రోజుల్లో వేరేవాళ్ళు ఆ సీట్లో కూర్చున్నప్పుడు బయటపడేవి, అప్పటిదాకా ఎవరూ ఎందుకు చెప్పలేదని అడగొచ్చు.

ఇంకొకటి. 1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికా ఆస్పత్రుల్లో మందుల పొరపాట్లు లెక్కపెట్టినప్పుడు, మంచి నాయకత్వం ఉన్న నర్సుల బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు కనిపించాయి. మొదట ఆమెకే అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, వాళ్ళు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవి దాచడం లేదు. కాబట్టి ఏడాది పొడవునా ఒక్కసారి కూడా క్యాష్ తేడా రాయని, ఒక్క పొరపాటు కూడా పైకి పంపని, అన్ని కాగితాలూ తళతళలాడే బ్రాంచ్ కనబడితే, ఇన్‌స్పెక్షన్‌కి వెళ్ళిన అధికారి మేనేజర్ క్యాబిన్‌లో టీ తాగి రాకూడదు. క్యాషియర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, షట్టర్ దించేదాకా ఉండి, పోయినసారి లెక్క తేలనప్పుడు ఏం చేశారమ్మా అని నెమ్మదిగా అడగాలి.